తెలియకుండా తీసిన ఫోటో ఎవరి అమానతు?

ఫిబ్రవరి, మార్చి నెలల్లో నరసరావుపేట నుంచి మాచర్ల వైపు వెళ్లేవారికి రోడ్డు పక్కన మిరపకల్లాలు కనిపిస్తాయి. కంటికి ఆనినంత మేర ఎరుపు. ఆ ఎరుపు మధ్య తలకు తువ్వాలు చుట్టుకుని, చీర మీద మగవారి పొడుగుచేతుల చొక్కా తొడుక్కుని, ఘాటు తగలకుండా ముక్కుకు గుడ్డ కట్టుకుని తాలుకాయలు ఏరుతున్న స్త్రీలు. చేతిలో మంచి కెమెరా ఉన్న యువకుడు ఆ దృశ్యం చూసి బండి ఆపకుండా పోలేడు. అడిగి తీస్తే ఆమె పని ఆపేస్తుంది, కొంగు సర్దుకుంటుంది, బిగుసుకుని నిలబడుతుంది. అంచేత అడగడు. చెట్టు చాటున నిలబడి, ఫోనులో ఏదో చూసుకుంటున్నట్లు నటిస్తూ నాలుగు ఫోటోలు తీసుకుని వెళ్లిపోతాడు. సాయంత్రానికి ఆ ఫోటోను వేలమంది మెచ్చుకుంటారు. ఒక్కోసారి పోటీలో బహుమతి కూడా వస్తుంది. ఆమె మాత్రం మరుసటి రోజు ఉదయం మళ్లీ అదే కల్లానికి కూలికి వస్తుంది. తన ముఖం ఎంతమంది చూశారో ఆమెకు తెలియదు. బహుశా ఎన్నటికీ తెలియదు కూడా.

ఇందులో ఆమెకు జరిగిన నష్టమేమిటి? ఆమె సొమ్మేమీ పోలేదు, ఒంటికి దెబ్బ తగల్లేదు. విషయం తెలియదు గనక మనసుకూ బాధ లేదు. బాధే లేనప్పుడు అన్యాయం ఎక్కడున్నట్లు? ఇది తేలిగ్గా కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. మన ఇళ్లలో పిల్లలు కూడా ఇదే మాట మరో విధంగా అంటున్నారు. బస్టాండులో ఎవరినో ఫోటో తీస్తుంటే తల్లి మందలిస్తుంది. “ఏమవుతుంది అమ్మీ, వాళ్లకు తెలియదు కదా!” అంటాడు కొడుకు. ఆ తల్లి దగ్గర సమాధానం ఉండాలి. ఊరికే తప్పు, తప్పు అంటే నేటి పిల్లలు వినరు.

ముందుగా ఒక సంగతి పక్కన పెడదాం. అసలు ఫోటో తీయడమే ధర్మసమ్మతమా, కాదా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. ఫోటో అంటే నీడను పట్టి నిలపడమే గనక అది చేతితో బొమ్మ గీయడం లాంటిది కాదని ఈజిప్టు ముఫ్తీగా పనిచేసిన షేఖ్ ముహమ్మద్ బఖీత్ అల్ ముతీఈ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు. మన ఉపఖండంలోని పెద్దలు చాలామంది దీనికి అంగీకరించలేదు. అవసరం మేరకే అనుమతించారు. ఎవరు ఏ అభిప్రాయాన్ని అనుసరిస్తున్నా సరే, నేడు ఫోను లేని ఇల్లు, ఫోను నిండా ఫోటోలు లేని జేబు దాదాపు లేవు. కాబట్టి మేము ఇక్కడ చర్చించేది బొమ్మను గురించి కాదు. ఆ బొమ్మలో ఉన్న మనిషి హక్కును గురించి.

చాటుగా తీసేవారి వాదనను కూడా న్యాయంగా వినాలి. కెమెరా ముందు నిలబడితే మనిషి తన ముఖాన్ని తయారు చేసుకుంటాడు, తెలియనప్పుడే అసలు ముఖం కనిపిస్తుంది అని వారంటారు. ఇందులో నిజం లేకపోలేదు. మన పెళ్లి ఆల్బములు తిరగేసి చూడండి! వరుసగా నిలబెట్టి తీసిన వంద ఫోటోల్లో లేని ఆప్యాయత, ఏ మూలనో నానీ మనవరాలికి ముద్ద కలిపి పెడుతుండగా ఎవరో తీసిన ఒక్క ఫోటోలో ఉంటుంది. ఈద్ మరుసటి రోజు పత్రికల్లో వచ్చే ఫోటోల్లో కూడా మనకు గుర్తుండేది ఈద్‌గాహ్ బయట ఇద్దరు చిన్నపిల్లలు కావలించుకుంటున్న ఫోటోయే. ఫ్రాన్సుకు చెందిన ప్రసిద్ధ ఛాయాగ్రాహకుడు హెన్రీ కార్టియర్ బ్రెసాన్ తన కెమెరా మెరుపు ఎవరి కంటా పడకుండా దాని లోహపు భాగాలకు నల్లటి టేపు అంటించుకునేవాడు. అమెరికాలో వాకర్ ఎవాన్స్ 1938 నుంచి 1941 దాకా న్యూయార్కు భూగర్భ రైళ్లలో కోటు లోపల కెమెరా దాచుకుని, గుండీల మధ్య నుంచి ప్రయాణికుల ఫోటోలు తీశాడు. వాటిని పుస్తకంగా వెలువరించింది మాత్రం 1966లో. అంటే పాతికేళ్ల తర్వాత.

అయితే ఈ విద్య చరిత్రలో మమ్మల్ని ఆపి ఆలోచింపజేసిన ఫోటో మరొకటి ఉంది. పాల్ స్ట్రాండ్ అనే ఛాయాగ్రాహకుడు 1916లో న్యూయార్కు వీధిలో ఒక స్త్రీని ఫోటో తీశాడు. తానెటు చూస్తున్నదీ జనానికి తెలియకుండా ఉండేందుకు అతను కెమెరాకు పక్కవైపు ఒక నకిలీ లెన్సు బిగించుకునేవాడు. ఆ స్త్రీ మెడలో ‘గుడ్డిది’ అని రాసి ఉన్న పలక వేలాడుతోంది. ఆలోచించండి! చూడలేని మనిషిని కూడా చాటుగానే చూశారు. ఆ ఫోటో నేటికీ గొప్ప కళాఖండంగా మ్యూజియముల్లో ఉంది. ఆమె పేరు మాత్రం ఎవరికీ తెలియదు.

ఇక్కడ మనకు వెంటనే గుర్తు రావలసింది సూరా అబస. మక్కాలో దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) ఖురైషు నాయకులకు ఎంతో ఆశతో ధర్మసందేశం వినిపిస్తున్న సమయంలో అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) వచ్చి మధ్యలో ఏదో అడిగారు. ఆయన (సఅసం) నొసలు చిట్లింది, ముఖం అటు తిరిగింది. నోటి నుంచి ఒక్క పరుషమైన మాట కూడా రాలేదు. ఆ వచ్చిన మనిషి అంధుడు. నొసలు చిట్లడం ఆయన చూడలేదు, చూడలేరు. అయినా ఆ విషయమై ఆకాశం నుంచి వాక్యాలు అవతరించాయి. అవి ప్రళయం వరకూ పారాయణం చేయబడుతూనే ఉంటాయి. ఎదుటి మనిషికి తెలియనంత మాత్రాన వ్యవహారం ముగిసిపోతుందనుకుంటే ఈ సూరాకు అర్థమే ఉండదు. ఆ అంధ సహచరుడికి తెలియనిది అల్లాహ్‌కు తెలుసు. ఆయన తరఫున అల్లాహ్‌యే మాట్లాడాడు.

కొందరు మిత్రులు అంటారు: ఇల్లయితే సరే, వీధి అందరిదీ కదా! బయటికి వచ్చినవాడు నలుగురూ చూడ్డానికి ఒప్పుకునే వచ్చాడు కదా! నిజమే, ఇస్లాం ఇంటికీ వీధికీ తేడా చూపింది. ఒక వ్యక్తి దైవప్రవక్త (సఅసం) ఇంటి తలుపు సందులోంచి లోపలికి తొంగిచూసినప్పుడు ఆయన ఎంతో ఆగ్రహించారు. అనుమతి అడగాలన్న నియమం పెట్టిందే చూపు కారణంగా అని చెప్పారు (బుఖారీ, ముస్లిం). వీధి విషయంలో అలా అనలేదు. దారుల్లో కూర్చోవద్దని ఆయన హితవు చెప్పినప్పుడు సహచరులు తమకు మరో చోటు లేదనీ, కబుర్లు చెప్పుకునేది అక్కడేననీ విన్నవించుకున్నారు. ఆయన వారిని బలవంతం చేయలేదు. కూర్చోక తప్పదనుకుంటే దారికి దాని హక్కు ఇవ్వమన్నారు. ఆ హక్కు ఏమిటని అడిగితే అన్నిటికంటే ముందు చెప్పింది చూపు దించుకోవడం. ఆ తర్వాతే ఎవరికీ హాని చేయకపోవడం, సలాముకు బదులివ్వడం, మంచిని ఆదేశించి చెడును వారించడం (బుఖారీ, ముస్లిం).

వీధి అందరిదీ గనక అక్కడ ఎవరికీ ఏ హక్కూ లేదని మనం అనుకుంటున్నాం. దైవప్రవక్త (సఅసం) వారు వీధి అందరిదీ గనకే దానికి హక్కు ఉందని బోధించారు. గురజాల బస్టాండులో బెంచీ మీద కూర్చుని వచ్చేపోయేవారిని చూడటం పాపం కాదు. కళ్లున్నాయి, మనుషులు కనిపిస్తారు. కాని ఒకే స్త్రీని పది నిమిషాలు కన్నార్పకుండా చూస్తే చుట్టూ ఉన్నవారే అడ్డు తగులుతారు. కెమెరా చేసే పని అదే మరి. అది కన్నార్పదు, చూపు దించదు. పది నిమిషాలేమిటి, పదేళ్ల తర్వాత కూడా ఆ ముఖాన్ని పెద్దదిగా చేసి చూడవచ్చు. చూసేవాడికి ఆమె తిరిగి చూడగలదు, కొంగు లాక్కోగలదు, కోపంగా చూడగలదు, లేచి పోగలదు. ఫోటోలో ఉన్నామెకు ఇవేవీ సాధ్యం కాదు.

దివ్యఖుర్‌ఆన్ సూరా హుజురాత్ 12వ వాక్యంలో అతిగా అనుమానించడాన్నీ, ఇతరుల గుట్టు కూపీ లాగడాన్నీ, పరోక్షనిందనూ ఒకదాని వెంట ఒకటిగా నిషేధించడం జరిగింది. పరోక్షనిందను చనిపోయిన సోదరుడి మాంసం తినడంతో పోల్చడం జరిగింది. ‘చనిపోయిన’ అని ఎందుకన్నట్లు? చనిపోయినవాడికి నొప్పి తెలియదు. తన శరీరాన్ని ఎవరు ఏం చేస్తున్నా అడ్డుకోలేడు. పరోక్షంలో ఉన్నవాడు కూడా అంతేనని వ్యాఖ్యాతలు వివరించారు. తెలియదు కదా, నొప్పి లేదు కదా అన్న వాదనకు సమాధానం ఈ పోలికలోనే ఉంది. నొప్పి తెలియకపోవడం ఇక్కడ తప్పును తగ్గించే కారణం కాలేదు సరికదా, అసహ్యాన్ని పెంచే కారణమైంది. ఇక పరోక్షనింద అంటే ఏమిటో దైవప్రవక్త (సఅసం) ఇచ్చిన నిర్వచనం మనకు తెలిసిందే. సోదరుణ్ణి గురించి అతనికి నచ్చని విధంగా ప్రస్తావించడం. చెప్పింది నిజమే అయినా సరే (ముస్లిం). అతనికి తెలిసిందా లేదా అన్నది అక్కడ కొలమానం కాదు. తెలిస్తే నచ్చుతుందా లేదా అన్నదే కొలమానం. మాటకు ఉన్న ఈ కొలమానం ఫోటోకు మాత్రం ఎందుకు ఉండదు? అబద్ధమాడని మాట కూడా నిందే అయినప్పుడు, అబద్ధమాడని కెమెరా అన్న సమర్థన ఎంతవరకు నిలుస్తుంది?

అయితే దీన్నిబట్టి చాటుగా చూడటం, వినడం ప్రతిదీ తప్పేనని తేల్చేయరాదు. సహీ ముస్లింలో ఒక అందమైన సంఘటన ఉంది. హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) రాత్రివేళ ఖుర్‌ఆన్ పారాయణం చేస్తుండగా దైవప్రవక్త (సఅసం) విన్నారు. అబూ మూసా (రజి)కు ఆ సంగతి తెలియదు. ఆయన ఎవరి కోసమూ చదవలేదు, తన ప్రభువు కోసమే చదువుకుంటున్నారు. దైవప్రవక్త (సఅసం) తర్వాత ఆయనకు, రాత్రి నీ పారాయణం నేను వింటుండగా చూసి ఉంటే బాగుండేదని చెప్పి, హజ్రత్ దావూద్ (అ)కు లభించినటువంటి మధుర స్వరం నీకు లభించిందని మెచ్చుకున్నారు. మీరు వింటున్నారని తెలిస్తే ఇంకా అందంగా చదివి ఉండేవాణ్ణి అని అబూ మూసా (రజి) అన్నట్లు ఇతర ఉల్లేఖనాల్లో ఉంది.

చాటుగా తీసే ఫోటోకు మన సంప్రదాయంలో ఇంతకంటే దగ్గరి పోలిక దొరకదని మేము భావిస్తున్నాం. తెలియకుండా వినడం జరిగింది. తెలిస్తే ఆ పారాయణం మారిపోయి ఉండేదని స్వయంగా చదివినవారే ఒప్పుకున్నారు. సహజత్వాన్ని గురించి ఛాయాగ్రాహకులు చెప్పేది ఇదే కదా! కాని అక్కడ విన్న విషయం ఆయనకు గౌరవం తెచ్చేది. విన్నవారు దాన్ని తమ దగ్గర దాచుకోలేదు, వెళ్లి ఆయనకే చెప్పారు. చెప్పినప్పుడు ఆయన సంతోషించారు. ఏ ఫోటో తీసినా ఈ ఒక్క పరీక్ష పెట్టుకోవచ్చు: రేపు ఉదయం ఆ మనిషి దగ్గరికి వెళ్లి, నిన్న నిన్నిలా తీశాను అని చూపించగలమా? కల్లంలోని ఆ తల్లి దగ్గరికి వెళ్లి “పిన్నీ, నువ్వు పని చేసుకుంటుంటే తీశాను, చూడు, ఉంచుకోమంటావా, తీసేయమంటావా?” అని అడగగలిగితే ఆ ఫోటోలో దోషం లేదు. నూటికి తొంభై మంది నవ్వి, ఒక కాపీ ఇమ్మంటారు. ‘వద్దు బాబూ’ అనేవారికి కారణాలుంటాయి. ఇంట్లో చెప్పకుండా కూలికి వచ్చి ఉండవచ్చు. అప్పులవాడికి తన ఆచూకీ తెలియడం ఇష్టం లేకపోవచ్చు. చొక్కా చిరిగి ఉండవచ్చు. ఆ కారణాలు మనకు చెప్పవలసిన బాధ్యత ఆమెకు లేదు. తీసినవాడు వెళ్లి చూపించలేకపోతున్నాడంటే, ఎందుకు చూపించలేకపోతున్నాడో అతని మనసుకు ముందే తెలుసు.

చట్టం ఈ విషయంలో మనకు పెద్దగా సాయం చేయదు. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఫోటోకు కర్త దాన్ని తీసినవాడు. అందులోని ముఖం గలవాడు కాదు. స్త్రీ ఏకాంతంలో ఉన్నప్పుడు చాటుగా చూడటం, చిత్రీకరించడం 2013లో తెచ్చిన సవరణ ద్వారా నేరమైంది. 2024 జూలై 1 నుంచి అది భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్‌గా ఉంది. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. అయినా బజారులో నడిచే మనిషిని ఫోటో తీయడాన్ని నిషేధించే చట్టమేదీ లేదు. అమెరికాలో ఇంకా విచిత్రమైన కేసు జరిగింది. ఫిలిప్ లోర్కా డికోర్సియా అనే ఛాయాగ్రాహకుడు 1999, 2001 మధ్య న్యూయార్కులోని టైమ్స్ స్క్వేర్‌లో దూరం నుంచి, దారినపోయేవారికి తెలియకుండా వారి ముఖాలను తీశాడు. వారిలో ఒక వృద్ధ యూదుడు ఉన్నాడు. ప్రతిమలు చేయరాదన్న తమ ధర్మశాస్త్రానికి కట్టుబడిన మనిషి. తన ముఖం ప్రదర్శనలో పెట్టి వేల డాలర్లకు అమ్మారని ఆయనకు నాలుగేళ్ల తర్వాత, 2005లో తెలిసింది. కోర్టుకు వెళ్లాడు. అది కళ గనక తప్పు లేదని 2006లో కోర్టు ఆయన దావాను కొట్టేసింది. చట్టపరంగా అది సరైన తీర్పే కావచ్చు. కాని గ్రంథప్రజల్లో ఒకరైన ఆ ముసలాయన బాధ మనకు అర్థం కాకపోతే మరెవరికి అర్థమవుతుంది?

మన ప్రాంతంలో ఈ మర్యాద పూర్వం తెలియనిదేమీ కాదు. రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాదులో స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచారు. అందులో ఫోటోలు తీసేది ఒక ఆంగ్లేయ మహిళ. లోపలికి పురుషులకు ప్రవేశం లేదు. ఆ బేగములు ఫోటో వద్దనలేదు. ఎవరు తీయాలి, ఎవరు చూడాలి అన్నది తమ చేతిలో ఉండాలనుకున్నారు, అంతే. నేడు మన ఆడపిల్లలకు ఆ మాత్రం అధికారం కూడా లేకుండా పోతోంది. 2021 జూలైలో ఒకసారి, 2022 జనవరి 1న మరోసారి ఎవరో దుర్మార్గులు ముస్లిం స్త్రీల ఫోటోలను ఇంటర్నెట్ నుంచి సేకరించి, వారిని ‘వేలానికి’ పెట్టినట్లుగా యాప్‌లు తయారు చేసిన సంగతి పాఠకులు మరచిపోయి ఉండరు. అవి స్వయంగా ఆ సోదరీమణులు పెట్టుకున్న మామూలు ఫోటోలే. ఇక తెలియకుండా తీసిన ఫోటో ఎక్కడికి చేరుతుందో ఎవరు చెప్పగలరు?

బయటివారి సంగతి అలా ఉండగా, మనవారి సంగతి కూడా చెప్పుకోవాలి. దేశంలోని కొన్ని పట్టణాల్లో మన యువకులే కొందరు బురఖా ధరించిన అమ్మాయి అన్యమతస్థుడైన యువకుడితో మాట్లాడుతూనో, బండి మీద వెళుతూనో కనిపిస్తే వీడియో తీసి గ్రూపుల్లో పెడుతున్నారు. చెడును వారించడం తమ బాధ్యత అంటున్నారు. మేము చాటుగా ఇంట్లోకి తొంగిచూడలేదు, నడివీధిలో కనిపించిందే తీశాం అంటున్నారు. పల్నాటి ఊళ్లలో ఈ జాడ్యం ఇంకా రాలేదనుకుందాం. కాని ఆ వీడియోలు మన ఫోన్లకు వస్తూనే ఉన్నాయి, మనం చూస్తూనే ఉన్నాం.

వీధిలో కనిపించిందే కదా అనేవారు ‘ఇఫ్క్’ సంఘటనను మరోసారి చదవాలి. బనూ ముస్తలిఖ్ దండయాత్ర నుంచి తిరిగి వస్తూ విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) పోయిన హారాన్ని వెతుక్కుంటూ వెనకబడ్డారు. సైన్యం కదిలిపోయింది. వెనక వస్తున్న హజ్రత్ సఫ్వాన్ బిన్ ముఅత్తల్ (రజి) ఆమెను చూసి, ‘ఇన్నా లిల్లాహి’ అనుకుంటూ తన ఒంటెను కూర్చోబెట్టారు. ఆమె ఎక్కాక దాని తాడు పట్టుకుని నడుచుకుంటూ మిట్టమధ్యాహ్నం వేళ సైన్యాన్ని చేరుకున్నారు. జనం చూసింది ఇదే. ఒక స్త్రీ, ఒక పరాయి పురుషుడు, ఒక ఒంటె. ఆ రోజు ఎవరి దగ్గరైనా కెమెరా ఉంటే ఆ ఫోటోలో అబద్ధం ఒక్క ఇసుకరేణువంత కూడా ఉండేది కాదు. అయినా ఆ దృశ్యం చుట్టూ అల్లిన కథ అల్లాహ్ స్వయంగా ఖండించినంతటి ఘోరమైన అపవాదు. హారం పోయిన సంగతి ఆ దృశ్యంలో లేదు. సైన్యం తెలియక వెళ్లిపోయిన సంగతి లేదు. సఫ్వాన్ (రజి) ఆమెతో మరో మాట కూడా మాట్లాడలేదన్న సంగతి లేదు. ఒక నెలపాటు మదీనా నగరం, దైవప్రవక్త (సఅసం) గృహం అనుభవించిన వేదనకు మూలం కళ్లతో చూసిన ఒక వాస్తవ దృశ్యమే. సూరా నూర్ ఆ సందర్భంలో విశ్వాసులను ఇలా నిలదీసింది: విన్న వెంటనే మీరు మీవారి పట్ల మంచిగా ఎందుకు ఆలోచించలేదని. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇంట్లో అలాగే జరిగింది. ఆయన తన భార్యను, నువ్వైతే అలా చేస్తావా అని అడిగారు. ఆమె, ఎంతమాత్రం చేయను అంది. ఆయిషా నీకంటే ఎంతో ఉత్తమురాలు కదా అన్నారాయన. అంతటితో ఆ ఇంట్లో ఆ వార్త ఆగిపోయింది.

ఇక నిజంగానే తప్పు జరిగిందనుకుందాం. అప్పుడైనా వీడియో తీయమందా ధర్మం? తప్పు చేసిన ఒక వ్యక్తిని (మాయిజ్) దైవప్రవక్త (సఅసం) సన్నిధికి వెళ్లి ఒప్పుకొమ్మని ప్రోత్సహించిన హజ్జాల్ అనే సహచరుడితో, అతన్ని నీ వస్త్రంతో కప్పి ఉంటే నీకే మేలుండేదని ఆయన (సఅసం) అన్నారు (అబూ దావూద్). ఇతరుల లోపాలను వెంటాడి వెతికేవాడి లోపాలను అల్లాహ్ వెంటాడుతాడనీ, ఇంటి లోపల దాక్కున్నా అతన్ని అవమానపరుస్తాడనీ కూడా హెచ్చరించారు (తిర్మిజీ, అబూ దావూద్). ఆ అమ్మాయి తండ్రికో, అన్నకో ఏకాంతంలో, ఆప్యాయంగా చెప్పడం చెడును వారించడమవుతుంది. వెయ్యిమందికి పంపడం ఏమవుతుందో సూరా నూర్ 19వ వాక్యం చదివి ఎవరికి వారే తేల్చుకోవచ్చు.

ఇంత చెప్పాక ఒక మినహాయింపు చెప్పకపోతే మాట అసంపూర్తిగా ఉంటుంది. దౌర్జన్యం చేసేవాడికి ఈ తెర లేదు. సూరా నిసా 148వ వాక్యం చెడును బాహాటంగా ప్రస్తావించడాన్ని అల్లాహ్ ఇష్టపడడంటూనే, అన్యాయానికి గురైనవారికి మినహాయింపు ఇచ్చింది. అదే సూరా 135వ వాక్యం న్యాయం కోసం, సొంతవారికి వ్యతిరేకంగానైనా సాక్ష్యం చెప్పమంటోంది. పల్నాడులో దీనికి తాజా ఉదాహరణ మన కళ్లముందే ఉంది. 2024 మే 13న పోలింగు రోజున మాచర్ల నియోజకవర్గం పాల్వాయి గేటులోని 202వ నంబరు పోలింగు కేంద్రంలో ఓటింగు యంత్రాన్ని నేలకేసి కొట్టడం జరిగింది. అక్కడి వెబ్‌కాస్టింగు కెమెరాలో రికార్డయిన దృశ్యం వారం తర్వాత, మే 21న బయటికి వచ్చింది. దేశమంతా చూసింది, కేసు కోర్టుకెక్కింది. ఆ కెమెరాయే లేకపోతే ఎవరు నోరు విప్పేవారు? సాక్ష్యం చెప్పడానికి మనిషి భయపడే చోట కెమెరా సాక్షి కావడం మేలే. తన దౌర్జన్యం ఎవరికీ తెలియకూడదని దుర్మార్గుడు కోరుకుంటే ఆ కోరికను మన్నించవలసిన పని లేదు. ‘తెలిస్తే అతనికి నచ్చదు’ అన్న కొలమానం ఇక్కడ పనిచేయదు. ఎందుకంటే ఇక్కడ మరో మనిషి హక్కు కాలరాయబడింది. కల్లంలో కాయలు ఏరుకునే స్త్రీ ఎవరి హక్కునూ కాలరాయలేదు.

దీనికి పూర్తిగా వ్యతిరేక దిశలో జరిగేది రమజాన్‌లో మనం చూస్తుంటాం. రేషన్ కిట్లు పంచేటప్పుడు వరుసలో నిలబడిన పేదలను, చేయి చాస్తుండగా, పక్క నుంచి ఫోటోలు తీసి పెడుతుంటారు. ఇచ్చినవాడి ముఖం నవ్వుతూ కెమెరా వైపు ఉంటుంది, పుచ్చుకున్నామె తల వంచుకుని ఉంటుంది. చందాదారులకు లెక్క చూపాలి అంటారు. లెక్కకు రసీదు పుస్తకం చాలదా? అభిమానధనులైన పేదలు ఎవరినీ పట్టుబట్టి అడగరనీ, వారిని ఎరుగనివాడు సంపన్నులనే భ్రమపడతాడనీ సూరా బఖరా 273వ వాక్యం వారిని ఎంతగానో గౌరవించింది. అల్లాహ్ కప్పి ఉంచిన ఆ పేదరికాన్ని మన ఫోటో ఊరందరికీ చూపిస్తోంది. పెళ్లీడుకొచ్చిన కూతురున్న తల్లికి ఆ ఫోటో ఎంత ఖరీదైనదో ఇచ్చినవారికి తట్టకపోవచ్చు. ఇచ్చింది పదిరోజుల బియ్యం, తీసుకుంది ఇన్నాళ్లూ కాపాడుకున్న మానం.

చివరగా పాఠకులు అడగగల ఒక ప్రశ్న మిగిలింది. ఇప్పటికే ఫోన్లలో ఉన్నవాటిని ఏం చేయాలి? తీసి ఎవరికీ పంపకుండా ఉంచుకున్నవాటికి పైన చెప్పిన పరీక్షే వర్తిస్తుంది. చూపించగలిగితే చూపించి అడగాలి, లేకపోతే తుడిచేయాలి. మనిషి దొరకనప్పుడు ఆ ముఖం గుర్తుపట్టరానిదా, ఆ దృశ్యం అతనికి గౌరవమే తెస్తుందా అని చూసుకోవాలి. అనుమానంగా ఉంటే వదిలేయడమే భద్రం. గ్రూపుల్లోకి పంపినవాటి సంగతి ఇంత సులభం కాదు. పరోక్షనిందకు పాల్పడినవాడు నిందితుడి దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగాలా అన్న విషయంలో విద్వాంసులు రెండు విధాలుగా చెప్పారు. అడగాలని కొందరన్నారు. అతనికి అసలు తెలియనప్పుడు వెళ్లి చెబితే కొత్త గాయం చేసినట్లవుతుంది గనక చెప్పకుండా అతని కోసం దుఆ చేయాలనీ, ఎక్కడ చెడుగా ప్రస్తావించాడో అక్కడే అతన్ని గురించి మంచి చెప్పాలనీ ఇబ్నె తైమియా, ఇబ్నె ఖయ్యిమ్ వంటి వారు అభిప్రాయపడ్డారు. తన వీడియో ఊరంతా తిరిగిందని తెలియని ఆడపిల్ల విషయంలో ఈ రెండో మార్గమే సరైనదని మాకు అనిపిస్తోంది. ఆమె ఇంటికి వెళ్లి ఆమెను కుంగదీయడం వద్దు. ఏ గ్రూపులో పంపామో ఆ గ్రూపులోనే, అదే పేరుతో, అది పంపడం తప్పని రాసి, దాన్ని తీసేసి, తమ తమ ఫోన్లలోంచి కూడా తుడిచేయమని సభ్యులందరినీ కోరాలి. ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.